ఉప్పు లెక్క తప్పితే... సముద్రం దారి మారుస్తుంది!

జూలై, ఆగస్టు వచ్చాయంటే మన ఫోన్లలో ఒకటే నోటిఫికేషన్లు. భద్రాచలం దగ్గర ఇన్ని అడుగులు, ధవళేశ్వరం నుంచి సముద్రంలోకి ఇన్ని లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరద గురించి గోదారి జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. అప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. అంటే సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్ల నీళ్లు!

అలాంటి వరద గోదావరులు 170 పక్కపక్కనే పారుతున్నాయని ఊహించుకోండి. ఒకటి రెండు రోజులు కాదు, ఏడాది పొడవునా, రాత్రీ పగలూ. అట్లాంటిక్ మహాసముద్రంలో సరిగ్గా అంత ప్రవాహం ఉంది. మనకు అలవాటైన లెక్కలో సుమారు 60 కోట్ల క్యూసెక్కులు. దానికి గట్లు లేవు, గేట్లు లేవు, మోటారు అసలే లేదు. గాలి కొంత తోస్తుంది. కానీ ఆ నీరు ఎక్కడ మునగాలో, ఎంత లోతుకు దిగాలో తేల్చేది మాత్రం మన వంటింట్లో ఉండేదే... ఉప్పు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఎంత లోడ్ పడితే సర్వర్ కూలుతుంది, కూలాక మళ్లీ ఎలా లేస్తుంది అన్నది చూడటమే నా ఉద్యోగం. అందుకే ఈ ప్రవాహం గురించి చదవగానే నాకొచ్చిన మొదటి డౌటు, ‘ఇది ఎప్పుడైనా డౌన్ అయిందా?’ అని. అయింది. ఒక్కసారి కాదు. అలా అయినప్పుడల్లా ఇక్కడ మన బంగాళాఖాతం ఉప్పెక్కింది. మన వానలు తగ్గాయి. ఆ కథే ఇది.

మోటారు లేని ప్రవాహం

పల్లెల్లో వరి విత్తనాలు ఎంచే పద్ధతి ఒకటుంది. బకెట్ నీళ్లలో కోడిగుడ్డు వేసి ఉప్పు కలుపుతూ పోతారు. అడుగున ఉన్న గుడ్డు పైకి తేలిందంటే ఉప్పు సరిపోయినట్టే. అందులో విత్తనాలు పోస్తే తాలు గింజలు తేలతాయి, గట్టి గింజలు మునుగుతాయి. ఉప్పు కలిసేకొద్దీ నీరు బరువెక్కుతుంది. ఇందులో అంతకు మించిన ఫిజిక్స్ ఏమీ లేదు.

సముద్రంలోనూ అదే సూత్రం. ఉప్పు ఎక్కువైతే నీరు బరువెక్కుతుంది, చల్లబడినా బరువెక్కుతుంది. అట్లాంటిక్‌లో ఉష్ణమండలం దగ్గర ఎండకు నీరు ఆవిరైపోయి, మిగిలిన నీటిలో ఉప్పు పెరుగుతుంది. ఆ వెచ్చని ఉప్పునీరు పైపొరల్లో ఉత్తరానికి సాగిపోతుంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ వైపు చేరేసరికి దాని వేడంతా గాలికి పోతుంది. ఉప్పగా ఉన్న నీరు చల్లగా కూడా అయింది కదా, ఇక ఆ బరువుకు పైన నిలవలేదు. రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి, అడుగు నుంచే దక్షిణానికి తిరుగు ప్రయాణం కడుతుంది. పైన వెళ్లడం, కింద రావడం. ఈ చక్రాన్నే శాస్త్రవేత్తలు పొట్టిగా ‘ఏమాక్’ అంటారు. 2004 నుంచి అట్లాంటిక్‌లో ఆఫ్రికా తీరం నుంచి అమెరికా తీరం దాకా పరికరాలు దింపి దీన్ని కొలుస్తున్నారు. సగటు సెకనుకు కోటీ 70 లక్షల ఘనపు మీటర్లు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఉత్తరానికి ఉప్పును మోసుకెళ్లేది ఈ ప్రవాహమే. ఆ ఉప్పు ఉంటేనే ఈ ప్రవాహం నడుస్తుంది. మా భాషలో దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటాం. అన్నీ బాగున్నంత కాలం బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒక్క ముడి వదులైతే మాత్రం రెండూ కలిసే కూలతాయి.

భూమి ఊగుతుంది, సముద్రం ఉప్పెక్కుతుంది

భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరు ఎప్పుడూ ఒకేలా ఉండదు. కక్ష్య ఆకారం సుమారు లక్ష ఏళ్లకోసారి కాస్త సాగి మళ్లీ గుండ్రమవుతుంది. అక్షం వంపు 41 వేల ఏళ్ల చక్రంలో పెరిగి తగ్గుతుంది. తిరిగి తిరిగి వేగం తగ్గిన బొంగరం తల ఊపినట్టు, భూమి అక్షం కూడా ఊగుతుంది. దానివల్ల ఏ రుతువులో మనం సూర్యుడికి దగ్గరగా ఉంటామన్నది సుమారు 23 వేల ఏళ్ల చక్రంలో మారుతుంది. మంచు యుగాలు వచ్చి పోవడానికి తాళం వేసేది ఈ మూడేనని సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలాంకోవిచ్ కాగితం మీద లెక్కలు కట్టారు. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే ముగ్గురు దాన్ని సముద్రపు మట్టిలో నిరూపించారు. ఆ మట్టి ఎక్కడిదనుకున్నారు? హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలోనిది!

సుమారు 21 వేల ఏళ్ల కిందట చివరి మంచు యుగం పతాక స్థాయిలో ఉంది. కెనడా దాదాపు అంతా, ఉత్తర యూరప్ చాలావరకూ కిలోమీటర్ల మందం మంచు కింద ఉన్నాయి. ఆ మంచంతా సముద్రం నుంచి వెళ్లిన నీరే. కాబట్టి సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి పోయింది. ఇప్పుడు విశాఖ బీచ్‌లో నిలబడి చూస్తే కనిపించే అలలున్న చోటంతా అప్పుడు నేలే.

చిన్న లెక్క వేద్దాం. సముద్రం సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. అందులో 120 పోతే 3 శాతం నీరు తగ్గినట్టు. నీరు మంచుగా మారి నేల మీదికి పోయింది కానీ ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల ఉప్పుంటే, అప్పుడు 36 దాటాలి. సాంబారు మరిగిపోతే ఉప్పెక్కినట్టే.

లెక్క సరే, రుజువు? ఉంది. సముద్రం అడుగున మట్టి రేణువుల మధ్య అప్పటి నీరు ఇంకా ఇరుక్కుని ఉంది. లోతుగా తవ్వి తీసిన మట్టిని పిండి, ఆ నీటిని పరీక్షించారు జెస్ ఆడ్కిన్స్ బృందం. 2002లో వచ్చిన ఆ ఫలితంలో ఒక వింత ఉంది. ఇవాళ అట్లాంటిక్ లోతుల్లో, ఉత్తరం నుంచి దిగే నీరే దక్షిణం నుంచి వచ్చే నీటికన్నా ఉప్పన. మంచు యుగంలో అది తారుమారైంది. అంటార్కిటికా వైపు అడుగు నీరు అన్నిటికంటే ఉప్పగా, 37 గ్రాముల దాకా ఉంది. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఆ చిక్కని ఉప్పునీరే అడుగుకు దిగింది. అంటే వాతావరణ చక్రం మారితే ఉప్పు ఎంత అన్నదే కాదు, ఏ నీరు ఎవరి కింద పారాలన్న వరస కూడా మారిపోతుంది.

గవ్వల్లో దాచిన లాగ్ ఫైల్

సర్వర్ ఎందుకు పడిపోయిందో తెలియాలంటే లాగ్ ఫైల్ తెరుస్తాం. సముద్రానికీ లాగ్ ఫైల్ ఉంది. దాన్ని రాసేవి ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు. ఇసుక రేణువంత ఉంటాయి. నీటిలోని పదార్థాలతోనే చిన్న సున్నపు గవ్వ కట్టుకుంటాయి. చచ్చాక ఆ గవ్వ అడుగుకు చేరి మట్టిలో పొరలు పొరలుగా పేరుకుంటుంది.

ఆ గవ్వలో రెండు రకాల ఆక్సిజన్ ఉంటుంది. తేలికదైన ఆక్సిజన్-16, కాస్త బరువైన ఆక్సిజన్-18. తేలికది త్వరగా ఆవిరవుతుంది కాబట్టి వాన నీటిలో, నది నీటిలో దాని వాటా ఎక్కువ. వానలు బాగా పడి నదులు సముద్రంలోకి దూకితే, ఆ ఏడు గవ్వల్లో తేలిక ఆక్సిజన్ పెరుగుతుంది. వానలు తగ్గి నీరు ఉప్పెక్కితే బరువైనది పెరుగుతుంది. గవ్వలో మెగ్నీషియం ఎంతుందో చూసి వేడి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తారు. చివరికి మిగిలేది ఉప్పు లెక్క.

డౌన్ అయిన రోజులు

1988లో హార్ట్‌మట్ హైన్రిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఉత్తర అట్లాంటిక్ మట్టిలో ఒక విచిత్రం గురించి రాశారు. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, నడి సముద్రం అడుగున రాళ్ల ముక్కలు. అవి అక్కడికెలా వచ్చాయి? మంచుకొండలు మోసుకొచ్చాయి. మంచు యుగంలో కెనడా మీదున్న మంచుపలక కొన్ని వేల ఏళ్లకోసారి విరిగి, మంచుకొండల దండులా సముద్రంలోకి జారింది. అవి కరిగిన చోట రాళ్లు మునిగాయి, మంచినీరు మాత్రం పైన పరుచుకుంది.

మంచినీరు తేలిక. ఉత్తరాన మునగాల్సిన ఉప్పునీటి మీద అది మూతలా కూర్చుంది. 2004లో బెర్ముడా దగ్గరి మట్టిని పరీక్షించిన జెర్రీ మెక్‌మానస్ బృందం తేల్చిందేమిటంటే, సుమారు 17,500 ఏళ్ల కిందట ఈ ప్రవాహం దాదాపు ఆగిపోయింది.

తర్వాత మంచు యుగం ముగుస్తూ అంతా వేడెక్కుతున్న సమయంలో, 12,900 ఏళ్ల కిందట ఉత్తరాన మళ్లీ చలి కమ్మింది. ఆ చలి వెయ్యేళ్లకు పైగా ఉండి, 11,700 ఏళ్ల కిందట పోయింది. పోయిన తీరు చూడండి. గ్రీన్‌లాండ్‌లో కొన్ని దశాబ్దాల్లోనే సుమారు 10 డిగ్రీల వేడి పెరిగింది. అంటే ఒక మనిషి జీవితకాలంలోనే వాతావరణం మొత్తం మారిపోయింది. కక్ష్య చక్రాలేమో వేల ఏళ్లు తీసుకుంటాయి. మరి ఇంత స్పీడు ఎక్కణ్నుంచి వచ్చింది?

మన మిద్దె మీది ట్యాంకు చెప్పే జవాబు

మీ అపార్ట్‌మెంట్ మీద ఆటోమేటిక్ మోటారు ఉన్న ట్యాంకు ఉందా? నీళ్లు అడుగంటితే మోటారు ఆన్ అవుతుంది, నిండితే ఆఫ్ అవుతుంది. ఇప్పుడు చెప్పండి. ట్యాంకు సగం నిండి ఉంది. మోటారు ఆన్‌లో ఉంటుందా, ఆఫ్‌లో ఉంటుందా?

చెప్పలేం. నీళ్లు ఎక్కుతూ సగానికి వచ్చాయా, దిగుతూ వచ్చాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంజినీరింగ్‌లో దీన్ని హిస్టరిసిస్ అంటాం. ఈసీఈ వాళ్లకు ల్యాబ్‌లో ష్మిట్ ట్రిగర్ గుర్తుండే ఉంటుంది. ఆన్ అయ్యే గీత ఒకటి, ఆఫ్ అయ్యే గీత ఇంకొకటి.

సముద్రానికీ ఇదే వర్తిస్తుందని 1961లోనే చెప్పారు అమెరికా శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్. ఆయన మోడల్ చాలా సింపుల్. రెండు డబ్బాలు, ఒకటి వెచ్చని ఉష్ణమండలం, రెండోది చల్లని ఉత్తరం. రెంటినీ కలుపుతూ పైపులు. బరువులో తేడా ఎంతుంటే ప్రవాహం అంత. ఒక ఆదివారం కూర్చుని దీన్ని పైథాన్‌లో రాశాను. నలభై లైన్లు కూడా లేదు. ఉత్తరం డబ్బాలో మంచినీరు కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. గ్రాఫ్ మెల్లగా దిగుతూ వచ్చింది. భయపడాల్సిందేమీ కనిపించలేదు. ఒక గీత దాటగానే ఢమాల్! సరే అని మంచినీటిని మళ్లీ ఆ గీత దగ్గరికే తగ్గించాను. ప్రవాహం తిరిగి రాలేదు. ఇంకా చాలా తగ్గించాక గానీ లేవలేదు.

ఆ గ్రాఫ్ చూశాక నాకొక విషయం మనసుకెక్కింది. ఇన్నాళ్లూ మెల్లగానే తగ్గింది కదా, ఇకపైనా మెల్లగానే తగ్గుతుందిలే అన్న ధీమాకు ఇక్కడ చోటు లేదు. అసలు సముద్రం రెండు డబ్బాల కంటే ఎంతో సంక్లిష్టం, నిజమే. అందుకే పెద్ద మోడళ్లతోనూ పరీక్షించారు. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో చాలా క్లైమేట్ మోడళ్లకు ఒకటే పరీక్ష పెట్టారు. ఉత్తర అట్లాంటిక్‌లో సెకనుకు లక్ష ఘనపు మీటర్ల మంచినీరు వందేళ్లు పోస్తే ఏమవుతుంది? సగటున ప్రవాహం 30 శాతం బలహీనపడింది. పది లక్షల ఘనపు మీటర్లు పోస్తే చతికిలపడింది.

లక్ష ఘనపు మీటర్లంటే గుర్తుందిగా? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర పోయిన పరవళ్లే. అలాంటి ఒక్క గోదారి ఆగకుండా వందేళ్లు పారితే 170 గోదారులంత ప్రవాహంలో మూడో వంతు దాకా పోతుందన్నమాట.

అక్కడ ఆగితే ఇక్కడేమైంది?

అట్లాంటిక్ ఎక్కడ, అంతర్వేది ఎక్కడ అనిపిస్తోందా? ఈ ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి వేడిని మోస్తుంది. అది ఆగితే ఉత్తరార్ధగోళం చల్లబడుతుంది. భూమధ్యరేఖ చుట్టూ ఉండే వానల పట్టీ వెచ్చగా ఉన్న వైపే మొగ్గుతుంది కాబట్టి దక్షిణానికి జరుగుతుంది. ఫలితంగా మన నైరుతి రుతుపవనాలు నీరసిస్తాయి.

దీనికి సాక్ష్యం బంగాళాఖాతం అడుగునే ఉంది. ఉత్తర బంగాళాఖాతంలో తీసిన మట్టిలో 80 వేల ఏళ్ల చరిత్రను చదివి 2001లో ప్రచురించారు. గ్రీన్‌లాండ్ గడ్డకట్టిన కాలాల్లో, హైన్రిష్ మంచుకొండలు కరిగిన కాలాల్లో ఇక్కడి నీరు ఉప్పెక్కింది. నదులు తెచ్చే మంచినీరు తగ్గింది. గ్రీన్‌లాండ్ వేడెక్కినప్పుడు ఇక్కడ మళ్లీ ఉప్పు పలచబడింది.

గోదావరి ముందు తీసిన మట్టి మరీ ఆసక్తికరం. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం కృష్ణా గోదావరి బేసిన్‌లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అనే నౌకతో మన దేశం తవ్వకాలు జరిపింది. వెతికింది ఇంధనం కోసం. దాంతోపాటు వానల చరిత్ర కూడా దొరికింది. ఆ మట్టిలోని ఆకుల మైనాన్ని, గవ్వలను పరిశీలించిన ఫలితాలు 2012లో వచ్చాయి. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి గోదావరి పరీవాహకంలో కరవును తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయి. గత 3,000 ఏళ్లలో, ముఖ్యంగా 1,700 ఏళ్ల నుంచి, మన తీరంలో నీరు అంతకుముందెన్నడూ లేనంతగా ఉప్పెక్కిన సందర్భాలు కనిపించాయి.

దీనికి కారణం అట్లాంటిక్ మంచుకొండలు కాదు, ఆ బొంగరం ఊపు. సుమారు 11 వేల ఏళ్ల కిందట భూమి మన వేసవిలో సూర్యుడికి దగ్గరగా వచ్చేది. నేల బాగా కాగి రుతుపవనాలు విజృంభించేవి. ఇప్పుడు జనవరి మొదట్లో దగ్గరవుతోంది. అందుకే అప్పట్నుంచీ వానలు నెమ్మదిగా తగ్గుతూ వచ్చాయి.

మరి జనం ఏం చేశారు? వానలు ఇలా నమ్మకం తప్పడం వల్లే దక్షిణాదిలో నీటిని నిల్వచేసే పద్ధతులు వేగంగా విస్తరించి ఉండొచ్చని ఆ పరిశోధకులే రాశారు. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టిన పాఖాల, రామప్ప చెరువులను ఇలా కూడా చూడొచ్చని అది చదివాకే నాకు తట్టింది. నదికి వరసలు తప్పితే మనిషి కట్ట కట్టుకున్నాడు.

మోకాలి లోతు నీళ్లు, చేతిలో సీసా

ఇది పాత కథ మాత్రమే కాదు. 2005 మే నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ మన తీరంలో ఓ పని చేయించింది. ఎనిమిది చోట్ల మత్స్యకారులు అయిదు రోజులకోసారి మోకాలి లోతు నీళ్లలోకి దిగి, సీసాలో సముద్రపు నీరు పట్టి పంపేవారు. ఆ సీసాల నుంచి 2014లో బయటపడిందే ‘సముద్రంలో నది’. వానాకాలం చివర ఉత్తర బంగాళాఖాతంలో కిలో నీటికి ఉప్పు 10 గ్రాములకు పైగా పడిపోతుంది. గంగ, బ్రహ్మపుత్రల నీళ్లతో పలచబడిన ఆ నీరు సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు పాయగా తూర్పు తీరాన్ని ఒరుసుకుంటూ, మన ఆంధ్రా తీరం మీదుగా రెండున్నర నెలల్లో దేశం దక్షిణ కొసకు చేరుతుంది.

పైన పలచని తేలిక నీరు, కింద ఉప్పగా బరువు నీరు. ఇవి రెండూ సులువుగా కలవవు. కింది చల్లదనం పైకి రాదు కాబట్టి పైపొర వేడి అలాగే ఉంటుంది. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుపాన్లకు బలాన్నిచ్చే వాటిలో ఇదొకటి. కాబట్టి ఉప్పు లెక్క శాస్త్రవేత్తలకే కాదు, వేటకెళ్లే వాళ్లకూ, కోతకొచ్చిన వరి ఉన్న వాళ్లకూ అవసరమే.

మరి ముందేంటి?

ఇప్పుడు గ్రీన్‌లాండ్ మంచు మళ్లీ కరుగుతోంది. ఈసారి కారణం కక్ష్య కాదు, మన పొగ. ఈ శతాబ్దంలో అట్లాంటిక్ ప్రవాహం బలహీనపడటం దాదాపు ఖాయమని ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2021 నివేదికలో చెప్పింది. 2100 లోపు ఒక్కసారిగా కుప్పకూలదని మధ్యస్థ నమ్మకంతోనే చెప్పింది. ఒకవేళ కూలితే ఆసియా రుతుపవనాలు నీరసిస్తాయని కూడా రాసింది.

మరోవైపు, మహానది ముందు తవ్విన మట్టిలో 9 లక్షల ఏళ్ల లెక్క చూసి 2021లో ప్రచురించిన పరిశోధన ఇంకో మాట చెబుతోంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడల్లా మన రుతుపవన వర్షాలు పెరిగాయి. అంటే ఒక చెయ్యి వానల్ని పెంచుతుంటే, ఇంకో చెయ్యి గుంజేసే ప్రమాదం ఉంది. రెండూ మనకు మంచివి కావు. మన పంటలు, రిజర్వాయర్లు, బ్యారేజీల గేట్లు అన్నీ గత వందేళ్ల వానలను నమ్ముకుని కట్టుకున్నవే.

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. పడిపోతే తిరిగి లేపడం కష్టమైన సిస్టమ్‌ని లిమిట్ దాకా నెట్టి చూడకూడదు. లిమిట్‌కు చాలా ముందే లోడ్ తగ్గించాలి. సముద్రం విషయంలో ఆ లోడ్ మనం గాల్లోకి వదిలే కార్బనే. దీనికి స్పేర్ సర్వర్ లేదు. ఉన్న బ్యాకప్ అల్లా మట్టిలోని ఆ చిన్న గవ్వలే. జరిగిందేమిటో అవి చెబుతాయి, పోయింది తిరిగి తెచ్చివ్వలేవు.